ఊ కొట్టేవారు లేని తరగతి

తరగతి ముగిసిన ఐదు నిమిషాలకు నా ఫోను మోగడం మొదలయ్యేది. అంతవరకు అరవై మంది ఉన్న వీడియో తరగతిలో నేను వేసిన ఏ ప్రశ్నకూ సరైన జవాబు వచ్చి ఉండేది కాదు. "అర్థమైందా?" అని అడిగితే చాట్‌లో నాలుగైదు "ఎస్ మేడం"లు వరుసగా పడేవి, ఆ తరువాత మళ్లీ నిశ్శబ్దం. అయితే అదే విద్యార్థులు తరగతి నుంచి బయటికి రాగానే విడివిడిగా నాకు వాట్సాప్‌లో రాసేవారు. "మేడం, ఉప్పు ధర గురించి మీరు చెప్పినదానిలో నాకొక అనుమానం ఉంది." "మేడం, మీరు అడిగినదానికి నాకు జవాబు తెలుసు గాని చెప్పలేకపోయాను." ఒకమ్మాయి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపింది. అందులో ఆమె వేసిన ప్రశ్న తరగతిలోనే వేసి ఉంటే ఆ రోజు పాఠం ఇంకో స్థాయికి వెళ్లి ఉండేది.

నేను విశాఖపట్నంలో ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన తరువాత, చాలామంది అధ్యాపకుల్లాగానే నేను కూడా ఏ శిక్షణా లేకుండా తెర ముందు కూర్చున్నాను. గాజువాక, పెందుర్తి, ఆరిలోవ, భీమిలి వైపు పిల్లలు తమ ఇళ్ల నుంచే హాజరయ్యేవారు. హాస్టళ్లు మూసేయడంతో శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకూ, పాడేరు, అరకు వైపు కొండ ఊళ్లకూ వెళ్లిపోయినవారు అక్కడి నుంచి చేరేవారు. ఆ రోజులు గడిచిపోయినా ఆన్‌లైన్ తరగతి మా జీవితంలోంచి పోలేదు. ఉద్యోగాలు చేసుకుంటూ చదివే విద్యార్థులకు నేను ఇప్పటికీ ఆదివారాలు ఆన్‌లైన్‌లోనే పాఠం చెబుతున్నాను. కనుక పిల్లలు ఎందుకు మాట్లాడరన్న ప్రశ్న నాకు నేటికీ ఎదురవుతున్నదే.

అప్పట్లో మా స్టాఫ్‌రూమ్ సంభాషణల్లో దీనికి ఒకటే జవాబు వినిపించేది. "బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చుంటారు. లాగిన్ అయి ఫోను పక్కన పడేసి నిద్రపోతారు." ఈ మాట నేనూ అన్నాను. నిద్రపోయినవారు లేకపోలేదు. కాని నిద్రపోయినవాడు పాఠం అయిన ఐదు నిమిషాలకు అనుమానం అడగడు. ఆ సందేశాలను వరుసగా చదివినకొద్దీ నాకొక సంగతి స్పష్టమైంది: ఈ పిల్లల దగ్గర చెప్పవలసిన మాట ఉంది, చెప్పాలన్న కోరికా ఉంది, నలుగురి ముందు చెబితే ఆ మాటను అందుకునేవారు ఉంటారన్న నమ్మకం మాత్రం లేదు. విద్యార్థి ఆన్‌లైన్ చర్చలోకి రావడం, రాకపోవడం ప్రధానంగా ఈ నమ్మకం మీదే ఆధారపడి ఉంటుందని నేను వాదిస్తున్నాను. సోమరితనం, క్రమశిక్షణ లేమి, ఫోను వ్యసనం వంటివి దీని తరువాతే వస్తాయి.

మన ఇళ్లలో కథ చెప్పేవారికి ఊ కొట్టేవారు ఉండాలి. మా అమ్మమ్మ కథ చెబుతూ మధ్యలో ఆగి, నేను ఊ కొడితేనే ముందుకు సాగేది. ఆ ఊ వినబడకపోతే, నేను నిద్రపోయానేమోనని కథ ఆపేసేది. మామూలు తరగతి గదిలో ఈ ఊ అనేక రూపాల్లో ఉంటుంది. ఒకరు తల ఊపుతారు, ఒకరు భృకుటి ముడుస్తారు, వెనుక బెంచీలో ఇద్దరు గుసగుసలాడతారు. జవాబు చెబుతున్న విద్యార్థికి కూడా అధ్యాపకుడి ముఖంలో అది కనిపిస్తూ ఉంటుంది. "ఆ, చెప్పు, చెప్పు" అన్నట్టున్న ఆ చూపే సగం వాక్యాన్ని పూర్తి వాక్యం చేస్తుంది. ఆన్‌లైన్ తరగతిలో ఇది రెండు వైపులా మాయమైంది. నా మాటకు ఊ కొట్టేవారు లేరని నేను బాధపడ్డాను గాని, వాళ్ల మాటకు నేను ఊ కొట్టడం మానేశానని గుర్తించడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

ఆ గుర్తింపు ఎలా కలిగిందో చెప్పాలి. ఒక సెలవు రోజున, అంతకుముందు రికార్డు చేసిన నా పాఠాలను నేనే కూర్చుని విన్నాను. నేను ప్రశ్న వేస్తున్నాను. వేసిన వెంటనే, గుక్క తిప్పుకోకుండా, జవాబు కూడా నేనే చెప్పేస్తున్నాను. రెండు చోట్ల ఎవరో మ్యూట్ తీసిన శబ్దం వినిపించింది. ఒక చోట "మేడం, అది..." అన్న గొంతు కూడా ఉంది. నేను దాని మీదుగా మాట్లాడుకుంటూ వెళ్లిపోయాను. ఆ గొంతు ఎవరిదో నాకు నేటికీ తెలియదు.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల రికార్డింగులను విని ఇటువంటిదే గమనించారు. ప్రశ్న వేసిన తరువాత ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబు రాని సందర్భాలు తగ్గాయి, అంతవరకు నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడసాగారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేయడం పెరిగింది. ఇది ముఖాముఖి తరగతి సంగతి. ఆన్‌లైన్‌లో నా ప్రశ్న పాడేరు దగ్గరి ఊరికి చేరడానికి కొంత సమయం, ఫోను చేతిలోకి తీసుకుని మ్యూట్ తీయడానికి కొంత సమయం, టైపు చేసేవారైతే తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కూర్చుకోవడానికి మరింత సమయం కావాలి. అక్కడ మూడు సెకన్లు ఏ మూలకూ చాలవు. ఇప్పుడు నేను ప్రశ్న వేశాక గడియారం చూసి పదిహేను సెకన్లు ఆగుతాను. ఆ పదిహేను సెకన్లు ఎంత సుదీర్ఘంగా ఉంటాయో తెర ముందు మౌనంగా కూర్చున్నవారికే తెలుస్తుంది. మొదట్లో సిగ్గుగా, ఏదో తప్పు చేస్తున్నట్టుగా అనిపించేది. కాని సుమారుగా పదో సెకను దగ్గర ఎవరో ఒకరు మ్యూట్ తీయడం నేను మళ్లీ మళ్లీ చూశాను.

ఇక అసలు భయాల సంగతికి వస్తాను. రికార్డింగులు విన్న తరువాత నేను విద్యార్థులకు ఒక్కొక్కరికే ఫోను చేసి మాట్లాడాను. ఇది పరిశోధన అనను, పాఠం చెప్పే మనిషిగా తెలుసుకోవలసిన విషయం అనుకుని చేశాను. నేను ఊహించిన కారణాలు నెట్, డేటా, ఫోను. అవి నిజమే. ఇద్దరు అన్నదమ్ములకు ఒకే ఫోను ఉన్న ఇళ్లు ఉన్నాయి. సిగ్నల్ కోసం కొండ మీది రాయి దగ్గరికి వెళ్లి వానలో గొడుగు పట్టుకుని పాఠం విన్న అబ్బాయి ఉన్నాడు. కాని వీటిని మొదట చెప్పినవారు కూడా, కొంతసేపు మాట్లాడాక, వేరే సంగతులు చెప్పారు. నెట్ లేదనడం గౌరవంగా తప్పుకునే మార్గమని, ఎవరూ మరో ప్రశ్న వేయరని ఒకమ్మాయి నాతో నేరుగానే అంది.

ఆరిలోవలో ఒకే గది ఇంట్లో ఉండే ఒక విద్యార్థిని చెప్పిన మాట నన్ను చాలా రోజులు వదలలేదు. కుటుంబాల అప్పుల గురించి నేను చర్చ పెట్టిన రోజున ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. "మేడం, మా నాన్న పక్కనే మంచం మీద కూర్చుని ఉన్నారు. వడ్డీల గురించి నాకు చాలా తెలుసు. ఆయన ముందు ఎలా చెప్పమంటారు?" అంది. తరగతి గది నాలుగు గోడలు ఆమెకు ఇంటి నుంచి దొరికే స్వేచ్ఛ అని నాకు అంతవరకు తట్టలేదు. ఆన్‌లైన్‌లో తరగతి ఇంట్లోకి వచ్చింది గాని, దానితోపాటే ఇల్లు కూడా తరగతిలోకి వచ్చింది. కెమెరా విషయం కూడా ఇంతే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ కాస్టెల్లీ, మార్క్ సర్వరీ తమ విద్యార్థులను అడిగి 2021లో ప్రచురించిన పరిశోధనలో, కెమెరా తెరవకపోవడానికి అందరికంటే ఎక్కువమంది చెప్పిన కారణం తాము ఎలా కనిపిస్తామోనన్న బెంగ. వెనుక కనిపించే మనుషులు, గది, బలహీనమైన ఇంటర్నెట్ కూడా కారణాల్లో ఉన్నాయి. సంపన్న దేశంలో, పేరున్న విశ్వవిద్యాలయంలో చదివేవారికే ఆ బెంగ ఉంటే, వెనుక గోడ మీద తడి బట్టలు ఆరేసి ఉన్న మా పిల్లలకు ఉండకుండా ఎలా ఉంటుంది? కెమెరా తెరవనివారికి హాజరు వేయనని నేనొకప్పుడు హెచ్చరించాను. ఆ హెచ్చరికను నేను వెనక్కి తీసుకోవడమే కాక, తరగతిలో అందరి ముందూ క్షమాపణ చెప్పాను.

అన్నిటికంటే లోతైన భయం భాషది. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఉత్తరాంధ్రలో పాఠం చెప్పేవారు దీనిని చూడకుండా ముందుకు వెళ్లలేరు. 2021-22 విద్యాసంవత్సరం నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలో నడపాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ నిర్ణయం మంచిచెడులు వేరే చర్చ. తరగతిలో దాని ఫలితం మాత్రం ఇది: విద్యార్థి ముందుగా జవాబు ఆలోచించుకోవాలి, తరువాత దానిని ఇంగ్లీషులోకి మార్చుకోవాలి, తరువాత ఆ ఇంగ్లీషులో తప్పు ఉందేమోనని సరిచూసుకోవాలి. ఆ మూడో మెట్టు దాటేలోపు పాఠం రెండు పేజీలు ముందుకు పోయి ఉంటుంది. సరే, తెలుగులోనే చెప్పండి అన్నాను. అక్కడ ఇంకో గోడ ఎదురైంది. "ఏమిటి" అనవలసిన చోట "ఏటి" అని నోరు జారితే ఎవరైనా నవ్వుతారేమోనని శ్రీకాకుళం పిల్లలు భయపడుతున్నారు. నగరంలోని తోటి విద్యార్థులు, సినిమాలూ కామెడీ వీడియోలూ నేర్పిన అలవాటుతో, ఆ యాసను వినగానే నవ్వుతారు. తరగతి గదిలో ఆ నవ్వు ఒక క్షణంలో గాలిలో కలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో అది రికార్డవుతుంది. ఒక అబ్బాయి మాట్లాడిన ముప్పై సెకన్ల ముక్కను కోసి, దానికి నవ్వుల శబ్దం జోడించి, ఎవరో ఒక గ్రూపులో పెట్టారు. అతను ఆ సెమిస్టరులో మళ్లీ పెదవి విప్పలేదు. ఆ రికార్డింగు చేసే బటన్ నొక్కింది నేను. పాఠం అందనివారికి ఉపయోగపడాలనే ఉద్దేశంతోనే నొక్కాను. అయినా అతని మాట ఎవరి చేతుల్లోకి వెళుతుందో ఆలోచించకపోవడం నా బాధ్యతారాహిత్యమే.

గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న పుట్టింది శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో. ఆ తేదీన మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. పిల్లవాడు నోటితో మాట్లాడే భాషకూ, బడిలో రాయవలసిన భాషకూ మధ్య అగాధం ఉంటే చదువు నిలవదని ఆయన జీవితమంతా వాదించారు. పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు అందాలని పాటుపడ్డారు. ఆయన పుట్టిన జిల్లా పిల్లలు ఈనాడు తమ మాట వినబడుతుందేమోనని మైకు మూసుకుని కూర్చోవడం నన్ను బాధపెడుతోంది. ఏటా ఆగస్టులో ఆయన పటానికి దండ వేసి, మర్నాటి తరగతిలో "ఏటి" అన్న పిల్లవాడిని సరిదిద్దే అధికారం మనకు లేదని నా అభిప్రాయం. ఇప్పుడు నా తరగతిలో చర్చ భాగాన్ని నేను రికార్డు చేయను. నేను పాఠం చెప్పే భాగం మాత్రమే రికార్డవుతుంది. చర్చ మొదలయ్యేముందు "ఇక రికార్డింగు లేదు" అని గట్టిగా ప్రకటిస్తాను. ఆ ఒక్క వాక్యం తరువాత పిల్లల గొంతుల్లో వచ్చే మార్పు వినగలిగినంత స్పష్టంగా ఉంటుంది.

తరగతిలో ఎంతమంది ఉన్నారన్నది కూడా చిన్న విషయం కాదు. జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ప్రచురించిన ప్రయోగం గురించి చాలామంది వినే ఉంటారు. ఆపదలో ఉన్నవారికి సాయం చేయడం గురించిన ప్రయోగంగానే దానిని చెబుతారు. నాకు మాత్రం దాని ఏర్పాటు మన ఆన్‌లైన్ తరగతిని గుర్తుకు తెస్తుంది. కళాశాల జీవితంలోని ఇబ్బందుల గురించి చర్చించాలని చెప్పి విద్యార్థులను వేరువేరు గదుల్లో కూర్చోబెట్టారు. ఒకరి ముఖం ఒకరికి కనబడదు, గొంతు మాత్రం మైకు ద్వారా వినబడుతుంది. మధ్యలో ఒక గొంతు మూర్ఛ వచ్చినట్టు తడబడి సాయం కోరుతుంది. తామొక్కరే వింటున్నామనుకున్నవారిలో 85 శాతం మంది ఆ గొంతు ఆగేలోపే లేచి వెళ్లి చెప్పారు. తనతోపాటు మరో నలుగురు వింటున్నారనుకున్నవారిలో అలా లేచింది 31 శాతం మాత్రమే. లేవనివారు రాతిగుండెవాళ్లు కారు. వాళ్లు చెమటలు పట్టి, చేతులు వణుకుతూ, ఎవరో ఒకరు లేచే ఉంటారులే అనుకుంటూ ఆందోళనతో కూర్చున్నారు. సాయం కోసం అరిచిన గొంతుకే ఇలా జరిగితే, "డిమాండు అంటే ఏమిటి?" అన్న నా ప్రశ్నకు అరవై మందిలో ఎవరు లేస్తారు? అందరినీ అడిగిన ప్రశ్న ఎవరినీ అడగనట్టే. నేను తరగతిని నలుగురేసి చిన్న గదులుగా విడగొట్టడం మొదలుపెట్టాక, పెద్ద తరగతిలో ఎన్నడూ వినని గొంతులు విన్నాను. అయితే ఆ చిన్న గదుల్లో కూడా చేయవలసిన పని స్పష్టంగా లేకపోతే నలుగురూ మౌనంగానే కూర్చుంటారని అనుభవం మీద తెలుసుకున్నాను.

మార్కుల ప్రస్తావన లేకుండా ఈ విషయం పూర్తికాదు. ఎందుకంటే "పాల్గొంటే మార్కులు వేయండి, అందరూ మాట్లాడతారు" అన్నది నాకు అందరూ ఇచ్చిన సలహా. నేనూ పాటించాను. ఇంటర్నల్ మార్కుల్లో ఐదు, చర్చలో రాసినవారికి అన్నాను. నిజంగానే అందరూ రాశారు. గడువు రాత్రి పన్నెండుకు అయితే పదకొండున్నర నుంచి వరదలా రాశారు. "నా స్నేహితురాలి అభిప్రాయంతో నేను ఏకీభవిస్తున్నాను" అన్న వాక్యం ఒక రాత్రిలో నేను లెక్కపెట్టలేనన్నిసార్లు చదివాను. ఎవరూ ఎవరి మాటకూ బదులివ్వలేదు. అందరూ నాకు, నా మార్కుల పట్టికకు రాశారు. మరుసటి సెమిస్టరులో మార్కులు తీసేయగానే, అంతకుముందు ఇష్టంగా రాసే ఇద్దరు ముగ్గురు కూడా మానేశారు. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో చేసిన పరిశోధన నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బంగారు ముద్ర ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ల తరువాత చూస్తే, ఆ పిల్లలు బొమ్మల దగ్గర గడిపే సమయం మిగతా పిల్లలతో పోలిస్తే సగానికి తగ్గింది. చెప్పకుండా అనుకోకుండా బహుమతి అందుకున్నవారిలో ఆ తగ్గుదల కనిపించలేదు. బేరం పెట్టగానే ఆట పనిగా మారిపోయింది.

అయితే మార్కులు పూర్తిగా వ్యర్థమని నేను అనలేను. ఒక అబ్బాయి, ఆ ఐదు మార్కులు లేకపోతే తాను మొదటి వాక్యం ఎప్పటికీ రాసేవాడిని కానని, రాసిన తరువాతే తనకు భయం తగ్గిందని చెప్పాడు. ఆ మాటను నేను గౌరవిస్తాను. మార్కు తలుపు దాకా తీసుకురాగలదు. లోపలికి వచ్చినవాడిని కూర్చోబెట్టి మాట్లాడించడం దాని వల్ల కాదు.

మరి ఏది మాట్లాడిస్తుంది? నాకు దొరికిన జవాబు 2021 మే నెలలో ఒక ఉదయం వచ్చింది. డిమాండు వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందన్న పాఠం చెబుతున్నాను. ఉప్పు ధర పెరిగినా కొనడం మానరు, బంగారం ధర పెరిగితే తగ్గిస్తారు అన్న పాఠ్యపుస్తక ఉదాహరణలు నాకే విసుగు పుట్టించాయి. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటను నిషేధిస్తారు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వరుసగా లంగరు వేసి ఉండే రోజులవి. "ఈ రెండు నెలల్లో చేపల ధర పెరిగితే ఎవరు కొనడం మానేస్తారు, ఎవరు మానరు?" అని అడిగి, గడియారం చూసుకుంటూ ఆగాను. మత్స్యకారుల వాడ అయిన పెద జాలారిపేట నుంచి వచ్చే ఒక విద్యార్థిని మ్యూట్ తీసింది. హాజరు పలకడానికి తప్ప ఆమె గొంతు నేను అంతవరకు వినలేదు.

"మేడం, అందరూ ఒకేలా మానరు. వంజరం ధర పెరిగితే ఇళ్లవాళ్లు కోడికూరకు వెళ్లిపోతారు. హోటలువాళ్లు ఎంతైనా కొంటారు, లేకపోతే వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోతారు కదా. అందుకే మా అమ్మ ఈ రెండు నెలలూ ఇళ్లకు ఎండుచేపలే పట్టుకెళ్తుంది."

ప్రత్యామ్నాయ వస్తువులు ఉన్నప్పుడు వ్యాకోచత్వం ఎందుకు ఎక్కువగా ఉంటుందో, ఒకే వస్తువుకు ఇద్దరు కొనుగోలుదారుల స్పందన ఎందుకు వేరుగా ఉంటుందో, ఆమె నాలుగు వాక్యాల్లో చెప్పింది. నాకు అలవాటైన మాట "వెరీ గుడ్" అనేసి ముందుకు వెళ్లడం. ఆ రోజు నా అదృష్టం కొద్దీ అలా చేయలేదు. నాకు నిజంగా తెలియనిది ఒకటి అడిగాను: "ఎండుచేపల ధర కూడా అప్పుడు పెరుగుతుందా?" ఆమె తల్లిని అడిగి వస్తానంది. ఈలోగా గాజువాక అబ్బాయి ఒకడు, తమ వీధిలోకి గోదావరి జిల్లాల నుంచి చెరువు చేపలు, శీలావతి, బొచ్చె వస్తాయని, వాటికి వేట నిషేధంతో సంబంధం లేదని అన్నాడు. చెరువు చేప సముద్రపు చేపకు ప్రత్యామ్నాయం అవుతుందా అని ఇంకొకరు అడిగారు. సముద్రపు చేప తినేవారు చెరువు చేప ముట్టరని జాలారిపేట అమ్మాయి తిరిగివచ్చి వాదించింది. నలభై నిమిషాలు గడిచాయి. నేను మాట్లాడింది అందులో ఐదు నిమిషాలైనా ఉండదు.

ఆ ఉదయాన్ని నేను చాలాసార్లు నెమరువేసుకున్నాను. ఆమె ధైర్యం ఒక్కరోజులో పెరగలేదు. ఆమె యాస మారలేదు, నెట్ బాగుపడలేదు, మార్కులూ లేవు. మారింది ప్రశ్న. అంతవరకు నేను వేసిన ప్రశ్నలన్నీ జవాబు నా దగ్గర ఉన్నవే. అటువంటి ప్రశ్నకు జవాబు చెప్పడమంటే పరీక్షకు కూర్చోవడమే. తప్పైతే నలుగురిలో చిన్నబోవాలి, ఒప్పైతే ఒక "గుడ్" దక్కుతుంది. ఆ లాభనష్టాలు తూచినవాడు మౌనాన్ని ఎంచుకోవడం అర్థశాస్త్రం చెప్పే నాకు ఆశ్చర్యం కలిగించకూడదు. చేపల ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, ఆమె దగ్గర ఉంది. ఆమె చెప్పకపోతే పాఠం అక్కడే ఆగిపోయేది. తన మాట అవసరమని ఆమెకు తెలిసింది. మాట్లాడిన తరువాత, దానిని పట్టుకుని ఒకరు ప్రశ్నించారు, ఒకరు కాదన్నారు, ఒకరు పొడిగించారు. అంటే ఆమె కథకు ఊ కొట్టేవారు దొరికారు.

మా పెదనాన్న సంగతి ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే పోస్టు ద్వారా చదువు చెప్పడం మొదలుపెట్టింది. పెదనాన్న గుమాస్తాగా పనిచేస్తూ అటువంటి కోర్సులోనే చదువుకున్నాడు. తాను రాసి పంపిన జవాబులు దిద్దిన కాగితాలుగా తిరిగి వచ్చేదాకా రోజూ పోస్టుమ్యాను కోసం వీధి గుమ్మంలో నిలబడేవాడట. అంచున ఎర్ర సిరాతో "ఈ వాదన బాగుంది, కాని దీనికి ఆధారం ఏమిటి?" అని ఎవరో రాసిన ఒక కాగితాన్ని ఆయన చివరిదాకా ట్రంకు పెట్టెలో దాచుకున్నాడు. ముఖం కనిపించలేదు, గొంతు వినిపించలేదు, బదులు రావడానికి వారాలు పట్టింది. అయినా బదులు వచ్చేది. ఒక్క క్షణంలో మాట చేర్చగల సాధనాలు మన చేతిలో ఉన్నాయి, కాని పిల్లలు రాసినదానికి మనం బదులివ్వడం లేదు. చర్చలో విద్యార్థి రాసిన మొదటి మాటకు ఎవరూ పలకకపోతే రెండో మాట రాదు. నేను ఇప్పుడు కొత్తగా రాసినవారికి ఆ రోజే, పేరు పెట్టి, వారు రాసినదానిలోంచి ఒక ముక్క ఎత్తి చూపి, ఒక ప్రశ్నతో బదులిస్తాను. ఇది గంటల కొద్దీ సమయం తినే పని. అరవై మంది ఉన్న తరగతులు నాలుగు చెప్పే అధ్యాపకుడు దీనిని చేయలేడు. కనుక చర్చ లేకపోవడానికి విద్యార్థులను నిందించేవారు, ఒక అధ్యాపకుడికి ఎంతమందిని అప్పగిస్తున్నారో కూడా లెక్క చూడాలి.

మౌనంగా వినడం కూడా నేర్చుకోవడమే కదా అని ఒక సహాధ్యాపకురాలు నాతో వాదించింది. ఆమె మాటలో నిజం ఉంది. ఒక్క మాట మాట్లాడకుండా అన్నీ శ్రద్ధగా విని పరీక్షలో అందరికంటే బాగా రాసినవారు నాకు తెలుసు. మౌనాన్ని ఎంచుకున్నవారిని నేను బలవంతం చేయను. నా ఆరాటమంతా, మాట్లాడాలని ఉండి మ్యూట్ బటన్ మీద వేలు పెట్టి ఆగిపోయినవారి గురించే. ఈ రెండు రకాలవారూ తెర మీద ఒకేలా, నల్లటి చదరంలో ఒక పేరుగా కనిపిస్తారు. వారిని వేరుచేసి చూడటానికి తరగతి అయ్యాక వచ్చే ఆ సందేశాలు తప్ప నాకు వేరే మార్గం దొరకలేదు.

ఈ ఏడాది ఆదివారం తరగతుల్లో ఒక ఏర్పాటు చేశాను. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. కథకుడు చెప్పినదానికి తందాన పలకడమే కాదు, మధ్యలో ఆపి, జనానికి కలిగే సందేహాలు తామే అడుగుతారు. ప్రతి ఆదివారం ఇద్దరు విద్యార్థులు నాకు వంతలుగా ఉంటారు. పాఠం ఏమిటో ముందురోజే వారికి చెబుతాను. నన్ను ఎక్కడైనా ఆపడం వారి పని, వారి హక్కు. ప్రశ్న తెలివితక్కువగా ఉంటుందేమోనన్న భయం అక్కర్లేదు, ఎందుకంటే అడగడమే ఆ రోజు వారికి అప్పగించిన పని. ఇద్దరు అడుగుతుంటే మూడోవారికి నోరు వస్తుంది.

పోయిన ఆదివారం వంతల్లో ఒకరు పరవాడ ఫార్మా సిటీలో రాత్రి షిఫ్టు ముగించుకుని, కంపెనీ బస్సులోంచే తరగతికి వచ్చిన అబ్బాయి. కనీస వేతనాల గురించి నేను చెబుతుండగా, "మేడం, అక్కడ ఆగండి" అన్నాడు. కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవారికి ఓవర్‌టైమ్ ఎవరు లెక్కకడతారని అడిగాడు. బస్సు శబ్దంలో సగం మాటలు వినబడలేదు. రెండోసారి అడిగించుకున్నాం, మూడోసారి చాట్‌లో రాయించుకున్నాం. ఎవరూ విసుక్కోలేదు. జవాబు కోసం మరో ఇద్దరు తమ జీతం చీటీలు తీసి చూసి చెప్పారు.

తరగతి అయిన తరువాత నా ఫోను మోగింది. మూడు నెలలుగా ఒక్క మాటా మాట్లాడని ఒక విద్యార్థిని రాసింది. వచ్చే ఆదివారం వంతగా తాను ఉండవచ్చా అని అడిగింది. కాకపోతే మాట్లాడలేనని, ఇంట్లో అత్తగారు వింటూ ఉంటారని, టైపు చేస్తానని, దానికి ఒప్పుకుంటారా అని రాసింది. ఒప్పుకుంటానని, నువ్వు టైపు చేసేవరకు ఆగుతానని బదులు రాశాను.